కదలని తెరచాప

1957 నవంబరు 14, గురువారం. తెల్లవారుజామున చిన్న జల్లు పడి వెలిసింది. పదింటికల్లా ఎండ కాసింది. ఈశాన్యపు గాలి ఒక్క తీరుగా వీస్తోంది.

తేదీ ఇంత బాగా గుర్తుండడానికి కారణం, అది నా ఉద్యోగంలో మొదటి రోజు. గణితంలో పట్టా పుచ్చుకుని కాకినాడ రేవులో గుమాస్తాగా చేరాను. మా నాన్నకది నచ్చలేదు. ఆ గొడవ ఇప్పుడెందుకు?

అప్పట్లో స్టీమర్లు ఒడ్డుకు వచ్చేవి కావు. నాలుగైదు మైళ్ళ అవతలే లంగరు వేసేవి. సరుకంతా తెరచాప నావల్లో ఒడ్డు చేరాలి. నావ నడిపించే పెద్దను సరంగు అనేవారు. నేనెక్కింది ధర్మయ్య సరంగు నావ. నిండా గోధుమ బస్తాలు. చుక్కాని దగ్గర ఆయన శిష్యుడు పోలిరాజు.

పోలిరాజు ఆ ఏడాదిలో రెండుసార్లు ఎదుటి నావలను గుద్దాడు. మూడుసార్లు గుద్దినవాడు మళ్ళీ చుక్కాని ముట్టకూడదని రేవు కట్టుబాటు. బతుకంతా ఒడ్డున బస్తాలు మోసుకోవాల్సిందే.

"నా కంటికేం తక్కువ మావా? మైలు దూరంలో తెరచాపకి మాసికేసినా కనపడుద్ది నాకు. మరెందుకు గుద్దేత్తన్నాను?"

సరంగు లేచాడు. తలపాగా అంచు చింపి, తెరచాప కొయ్య నుంచి కుడి అంచుకు దిగిన తాడుకు, కూర్చున్నవాడి కంటి ఎత్తున కట్టాడు.

"నావ ముక్కు దీపస్తంభం మీద పెట్టు. నువ్వు కూచున్న చోటు నుంచి కదలకు. గుడ్డని చూత్తా ఉండు."

అంతే. చుట్ట ముట్టించుకున్నాడు.

కుడివైపు నుంచి రెండు తెరచాపలు వస్తున్నాయి. ఒకటి పెద్దది, దగ్గరగా ఉంది. రెండోది ఎక్కడో కొంగ రెక్కంత. రెండూ గుడ్డ పక్కనే కనిపిస్తున్నాయి.

"పెద్దది మీదకొచ్చేత్తంది మావా! తిప్పెయ్యనా?"

"గుడ్డనడుగు."

పెద్ద తెరచాప గుడ్డను దాటి మెల్లగా ముందుకు జరిగింది. ఇంకా జరిగింది. మా ముందు నుంచి హాయిగా వెళ్ళిపోయింది. అందులోంచి ఎవడో అరిచాడు: "ఒరే పోలిగా! మూడోది ఎవరి కోసం దాచావురా?"

మావాళ్ళు కూడా నవ్వారు. పోలిరాజు నవ్వలేదు.

ఈలోగా నేను ఊరుకున్నానా? కాగితం మీద కోణాలు గీసి, వేగాలు ఊహించి, "ఆ చిన్నది మన వెనక నుంచి దాటిపోతుంది" అని తేల్చేశాను. నావలోకి మేక ఎక్కితే చూసినట్టు సరంగు నా వంక చూశాడు.

చిన్న తెరచాప ఇప్పుడు చిన్నది కాదు. దాని మాసికలు కనిపిస్తున్నాయి. గుడ్డ పక్కనే ఉంది. చుక్కాని పట్టినవాడి ఎర్ర తలపాగా కనిపిస్తోంది. గుడ్డ పక్కనే ఉంది.

"మావా, ఇది కదలట్లేదు."

సరంగు పొగ వదిలాడు.

"పెరుగుతంది గానీ కదలట్లేదు... అంటే మనమూ అదీ ఒక్క చోటికే పోతన్నాం!" పోలిరాజు మొహం పాలిపోయింది. మరుక్షణం ఒంటి బరువంతా వేసి చుక్కాని తోశాడు. బస్తాల నావ మూలిగింది. ముక్కు కుడికి తిరిగింది. చిన్న తెరచాప గుడ్డను వదిలి ముందుకు జారింది. రెండు తెడ్లంత ఎడంగా దాని వెనక నుంచి దూసుకుపోయాం. ఎర్ర తలపాగావాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

పోలిరాజు లేచి నిలబడి, పెద్ద నావ వాళ్ళకు వినబడేలా కేక పెట్టాడు: "మూడోది లేదురోయ్!"

నావంతా ఈలలు. నేనూ వేశాను. నా కాగితం ఎప్పుడో సముద్రం పాలైంది.

ఒడ్డు చేరాక సరంగు గుడ్డ విప్పి బొడ్లో దోపుకున్నాడు.

"ఉంచు మావా, రేపటికి."

"రేపెందుకు? తాడుందిగా."

పదేళ్ళ తరవాత ధర్మయ్య సరంగు పోయాడు. నావ పెద్దల్లుడికి వచ్చింది. ఇల్లు చిన్న కూతురికి, ఇత్తడి దిక్సూచి మనవడికి దక్కాయి. పోలిరాజుకు ఏమీ రాలేదు. ఆ తరవాత కూడా ఊళ్ళో వాళ్ళ నావల మీద పంతొమ్మిదేళ్ళు చుక్కాని పట్టాడు.

మూడోది లేదు.