సేనాపతి ఒంటరి దండయాత్ర

గోమేధపురం సేన యుద్ధంలో చిత్తుగా ఓడి తిరిగొచ్చింది. సేనాపతి రణభైరవుడు నిండుకొలువులో మీసం దువ్వుతూ, "మహారాజా! నిరుడు గెలిచింది నా వ్యూహంతో. ఇప్పుడు ఓడింది ఈ పిరికి బంట్ల వల్ల. వీళ్ళందరికీ నూరేసి కొరడా దెబ్బలు వేయించండి" అన్నాడు.

కాల్బంటు బొల్లయ్య ముందుకొచ్చి దండం పెట్టాడు.

"నిజమే ప్రభూ! గెలుపు తెచ్చేది ఆయన, ఓటమి తెచ్చేది మేము. శత్రువు ఇంకా పొలిమేరలోనే ఉన్నాడు. ఈసారి మమ్మల్ని ఇళ్ళకు పంపి, సేనాపతిగారిని ఒక్కరినే యుద్ధానికి పంపండి. మేం వెంట ఉండం గనక గెలుపు ఖాయం!"

రాజుకు నవ్వాగలేదు. "భేష్! సేనాపతీ, రేపు తెల్లారగానే బయల్దేరు" అన్నాడు.

రణభైరవుడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "తప్పు నాదే ప్రభూ! లోతు చూడకుండా సేనను వాగులోకి దింపాను!"

రాజు అక్కడికక్కడే అతని పదవి ఊడబెరికాడు. బంట్లు బొల్లయ్యను భుజాల మీదికెత్తుకుని, కేరింతలు కొడుతూ కొలువంతా తిరిగారు.