రెండో వరుసలోని మాట

సెవెరినోకి కొన్నాళ్ళుగా రొట్టె గొంతు దిగడం లేదు. ఒంట్లో ఏ జబ్బూ లేదు. గురువుగారు కొత్త శిష్యుడు బాల్దో చెవిలో ఏదో చెప్పారు, అంతే.

ఇలా అనగానే నవ్వుకోకండి. ఆ మఠంలో గురువుగారు ఒకరి చెవిలో ఏదైనా చెప్పడమంటే చిన్న సంగతి కాదు.

లాటిన్‌లో ప్రార్థనలు చేసుకునే దేశంలో, ద్రాక్షతోటల మధ్య ఒక కొండమీద ఉండేది ఆ మఠం. మఠానికి పెద్ద అయిన ఆ గురువుగారి పేరు రెమీజియో. మఠం వెనక ఒక పాతగోడ ఉంది. మఠం కంటే చాలా పాతది, రోమన్ల కాలంలో కట్టింది. ఆ గోడలో ఒక రాయి, రాయిమీద ఒకదాని కింద ఒకటిగా అయిదు మాటలు.

సాతోర్
అరేపో
తెనెత్
ఓపెరా
రోతాస్

వాళ్ళ లిపిలో ఒక్కో మాటకి అయిదేసి అక్షరాలు. ఎడమనుంచి చదివినా, కుడినుంచి చదివినా, పైనుంచి కిందికి వచ్చినా, కిందినుంచి పైకి వెళ్ళినా అవే అయిదు మాటలు. మన లిపిలో రాస్తే ఆ గారడీ కనబడదు, గుణింతాలు అడ్డం పడతాయి. నా మాట నమ్మి ముందుకి రండి.

ఎవరు చెక్కారో తెలియదు. ఎందుకు చెక్కారో అసలే తెలియదు. నాలుగు మాటలకి మాత్రం అర్థం ఉంది. విత్తేవాడు, పట్టుకుని ఉన్నాడు, పని, చక్రాలు. ఎటొచ్చీ రెండో వరుసలోని అరేపో దగ్గరే అందరూ ఆగిపోయేవారు. ఆ మాట మఠంలో ఉన్న ఏ పుస్తకంలోనూ లేదు.

దాని అర్థం మఠం పెద్దకి తెలుసనీ, తన తర్వాత తన చోట కూర్చోబోయే శిష్యుడి చెవిలో మాత్రమే ఆయన దాన్ని చెబుతాడనీ అందరి నమ్మకం. రెమీజియో ఆ నమ్మకాన్ని ఎప్పుడూ ఔననలేదు, కాదనలేదు.

ఆ చెవి తనదే అవుతుందని సెవెరినో ఎప్పుడో తీర్మానించుకున్నాడు. మరి ఇంకెవరిదవుతుంది? చుట్టుపక్కల రైతులు గాదెలకి నిప్పు అంటుకోకుండా ఆ అయిదు మాటలున్న మట్టిపలకలు తలుపుమీద కొట్టుకునేవారు. అవన్నీ సెవెరినో చెక్కినవే. కళ్ళు మూసుకుని కూడా చెక్కగలడు. మఠానికి ఎవరు వచ్చినా వాళ్ళని గోడ దగ్గరికి తీసుకెళ్ళి, ఎటునుంచి ఎటు చదవాలో వేలితో చూపించేదీ అతనే. వచ్చినవాళ్ళు నోరు తెరిచి చూస్తుంటే, ఆ రాయిని తానే కనిపెట్టినంత సంతోషం కలిగేది.

అరేపో కోసం అతను తిరగని చోటు లేదు. అది తన ముత్తవ్వ భాషలో నాగలి అన్నాడు ఒక ఉత్తరాది వర్తకుడు. ఎవరో రైతు పేరై ఉంటుందన్నాడు ఒక వైద్యుడు. ఇవి చాలక సెవెరినో మొత్తం అక్షరాలన్నిటినీ విడదీసి, మళ్ళీ పేర్చి, 'మా తండ్రీ' అన్న ప్రార్థన మొదటి మాటలు శిలువ ఆకారంలో రెండుసార్లు వచ్చేలా చేశాడు. ఆ రోజు పరుగున గురువుగారి దగ్గరికి వెళ్ళాడు.

రెమీజియో చాలాసేపు చూశాడు. "బాగుంది నాయనా. నాలుగు అక్షరాలు మిగిలిపోయినట్టున్నాయే. పాపం, వాటిని ఎక్కడ పడుకోబెడతావు?" అన్నాడు.

సెవెరినో వాటికీ ఒక అర్థం చెప్పి వచ్చాడు. గురువుగారు తల ఊపారు. ఆ తల ఊపడాన్ని సెవెరినో ఏళ్ళపాటు దాచుకున్నాడు.

ఇంతలో బాల్దో వచ్చాడు.

పోయిన ద్రాక్షకోతల నాటికి వచ్చినవాడు. తాళ్ళు పేనేవాళ్ళ ఇంటి కుర్రాడు. ప్రార్థనలో పాడితే పక్కవాళ్ళ రాగం కూడా చెడిపోతుంది. సెవెరినో దగ్గర పలకలు చేయడం నేర్చుకోమంటే, చేసినవన్నీ ఆవంలో కాలుస్తుంటేనే పగిలిపోయాయి. అలాంటివాణ్ణి ఒక మధ్యాహ్నం గురువుగారు గోడ దగ్గరికి తీసుకెళ్ళారు.

సెవెరినో ఆవం దగ్గరే ఉన్నాడు. చేతులకి తడిమట్టి. బాల్దో రెండో వరుసమీద వేలు పెట్టి ఏదో అడిగాడు. గురువుగారు అటూ ఇటూ చూసి, వంగి, అతని చెవిలో ఏదో అన్నారు. బాల్దో ముందు కళ్ళు పెద్దవి చేశాడు, తర్వాత గట్టిగా నవ్వేశాడు. గురువుగారూ నవ్వారు. ఇద్దరూ నవ్వుకుంటూనే వెనక్కి వచ్చారు.

సెవెరినో చేతిలోని పలక వంకరపోయింది.

"గురువుగారు ఏం చెప్పారు?" అని ఆ సాయంత్రమే అడిగాడు, వీలైనంత మామూలుగా.

"పెద్దగా ఏమీ లేదన్నా" అన్నాడు బాల్దో, నవ్వు ఇంకా మొహంమీదే ఉంది.

దాస్తున్నాడు!

ఇక అక్కడినుంచి చూడాలి. బాల్దో కంచంలో ఆలివ్ కాయలు తన కంచంలో కంటే ఎక్కువ పడుతున్నాయని తేల్చుకున్నాడు. గురువుగారు 'బాల్దో' అన్నప్పుడు గొంతులో ఉండే మెత్తదనం 'సెవెరినో' అన్నప్పుడు ఉండదని కనిపెట్టాడు. ఒకసారి బాల్దో దగ్గితే గురువుగారు తేనె ఇప్పించారు. మర్నాడు సెవెరినో కూడా దగ్గి చూశాడు. "ఆ కిటికీ వేసెయ్యి నాయనా" అన్నారు గురువుగారు.

తేనె సెవెరినోకి ఇష్టం లేదు. అయినా ఆ రోజంతా అతని నోరు చేదుగానే ఉంది.

ఒకరోజు ఉండబట్టలేక గురువుగారి దగ్గరికే వెళ్ళాడు. "నా పలకల్లో లోపమేమైనా ఉందా గురువుగారూ?"

"లేదే. బాగుంటాయి."

"నా నడవడిలో?"

"అదీ బాగానే ఉంది. ఏం?"

"ఏమీ లేదు" అని వచ్చేశాడు. ఏదో ఒక లోపం చెప్పి ఉంటే కాస్త స్థిమితపడేవాడు. లోపమేదీ లేకుండానే తనని పక్కన పెట్టారంటే ఇక ఎలా తట్టుకోవడం?

కోతలు మొదలయ్యాయి. మఠమంతా బుట్టలు పట్టుకుని తోటలోకి దిగింది. ఆవం చూసుకోవాలని చెప్పి సెవెరినో ఒక్కడే ఉండిపోయాడు. అందరూ వెళ్ళాక సుత్తీ ఉలీ తీసుకుని పాతగోడ దగ్గరికి నడిచాడు.

అతని బుర్రలో ఉన్నది ఒక్కటే. తనకి దక్కని మాట ఎవరికీ ఉండకూడదు. రాయిమీదనుంచి అది పోతే, బాల్దో దాని అర్థాన్ని ఏం చేసుకుంటాడో చేసుకోనీ.

రెండో వరుస మొదట్లో ఉలి ఆనించాడు. సుత్తి ఎత్తాడు.

"ఏ మాట?"

వెనక గురువుగారు. చేతికి సగం నిండిన ద్రాక్షబుట్ట. ఎంతసేపటినుంచి అక్కడున్నారో.

సెవెరినోకి ఏ అబద్ధమూ తోచలేదు. "రెండోది" అన్నాడు.

"బాల్దోదా?"

ఆ ఒక్క ప్రశ్నతో సెవెరినో మొహం ఎర్రబడింది. తల ఊపాడు.

రెమీజియో దగ్గరికి వచ్చి ఉలి తీసుకున్నాడు. అంచుని బొటనవేలితో చూసి తిరిగి ఇచ్చేశాడు. "పదునుగానే ఉంది. కానివ్వు."

సెవెరినో నమ్మలేనట్టు చూశాడు.

"కానివ్వమంటున్నానుగా. ఒక్క షరతు. ఆ మాటే పోవాలి. మిగతా నాలుగూ నాకు కావాలి. వాటిలో ఒక్క అక్షరం రాలినా ఊరుకోను" అని, పక్కనున్న రాతిమీద కూర్చుని ద్రాక్షపళ్ళు తినడం మొదలుపెట్టాడు.

సెవెరినో ఉలిని మొదటి అక్షరంమీద పెట్టాడు. అది పైనుంచి కిందికి దిగే 'విత్తేవాడి'లోనూ ఉంది. తీసేశాడు. మూడో అక్షరం దగ్గరికి వెళ్ళాడు. అది 'పట్టుకుని ఉన్నాడు'లోది. నాలుగోది 'పని'లోది. అయిదోది 'చక్రాల'లోది. ఇక రెండోది మిగిలింది. ఆ వరుసనే కుడివైపునుంచి చదివితే అదీ 'పని'లోనే ఉంది.

మళ్ళీ మొదటికి వచ్చాడు. ఉలి ఏ అక్షరంమీదా నిలబడలేదు. ఆ అక్షరాలు లెక్కలేనన్నిసార్లు చెక్కిన చెయ్యి అది. చెక్కుతున్నంతకాలం తోచని సంగతి, తీసెయ్యబోతే తెలిసింది.

రెమీజియో గింజలు ఊస్తూ ద్రాక్షపళ్ళు తింటూనే ఉన్నాడు.

సుత్తి జారి గడ్డిలో పడింది. సెవెరినో గోడకి ఆనుకుని కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "వాడికి ఏం చెప్పారు గురువుగారూ? ఆ ఒక్కటీ చెప్పండి. ఇంకేమీ అడగను. వాడి చెవిలో ఏం చెప్పారు?"

రెమీజియో చెయ్యి అంగీకి తుడుచుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. వంగి, సెవెరినో చెవిదగ్గర నోరు పెట్టాడు.

"నాకు తెలియదు నాయనా."

"అదేమిటి? ఏం చెప్పారో మీకే తెలియదా?"

"ఆ మాటకి అర్థం నాకు తెలియదు. బాల్దోకి చెప్పింది అదే. మా గురువుగారు నా చెవిలో చెప్పిందీ అదే."

సెవెరినో మొహంమీదనుంచి చేతులు తీశాడు. "దీనికి చెవిలో ఎందుకు?"

"ఈ వయసులో నలుగురూ వినేలా ఎలా చెప్పుకోను?"

ఇంకో రోజైతే సెవెరినో నవ్వేవాడే. "నిన్నగాక మొన్న వచ్చినవాడికి చెప్పారు. ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"వాడు అడిగాడు" అన్నాడు రెమీజియో. "నువ్వెప్పుడూ అడగలేదు. వచ్చినప్పుడల్లా నాకు చెప్పి వెళ్ళావు."

"ఇవాళ అడిగానుగా" అన్నాడు సెవెరినో.

"ఇవాళైనా ఆ మాట సంగతి అడిగావా? వాడి సంగతి అడిగావు."

సెవెరినో తల వంచుకున్నాడు. గురువుగారు లేచి, సగం ఖాళీ అయిన బుట్టని అతని చేతిలో పెట్టారు.

"వెళ్ళు. తోటలో మనుషులు చాలడం లేదు."

సెవెరినో కొండ దిగాడు. పాతగోడ తోటలోకి బాగా కనిపిస్తుంది, ఆ సంగతి దిగుతుంటే గుర్తొచ్చింది. పైన జరిగిందంతా ఎవరు చూశారో అనుకుంటూ, సిగ్గుతో, ఎవరి మొహమూ చూడకుండా ఒక వరుసలోకి వెళ్ళి గుత్తులు కోయసాగాడు.

అది బాల్దో ఉన్న వరుసే. అతను ఎప్పటిలా "రా అన్నా" అనలేదు. పాట పాడలేదు. ఒక్క గుత్తి కోయడానికి ఎంతసేపు పట్టాలో అంతకు మూడింతలు పట్టించాడు. చివరికి ఉండబట్టలేకపోయాడు.

"గురువుగారు ఏం చెప్పారు?"

సెవెరినో చెయ్యి ఆగింది. వీలైనంత మామూలుగా అడిగిన ప్రశ్న. ఆ గొంతు అతనికి బాగా తెలుసు.

"చూశాలే" అన్నాడు బాల్దో, ఆకులవైపు చూస్తూ. "నీ చెవిలో చెప్పారు. నాకేమో తెలియదన్నారు. నవ్వించి పంపించేశారు. నీకు మాత్రం అసలు సంగతి చెప్పేశారన్నమాట. చెబుతారులే. నా పలకలు పగిలిపోతాయి, నీవి బాగుంటాయి."

సెవెరినో ఒక గుత్తి కోసి తన బుట్టలో వేశాడు. ఏమీ చెప్పకుండా ఒక్క నవ్వు నవ్వి ఊరుకోవచ్చు. అబద్ధం కూడా ఆడక్కర్లేదు. పెద్దగా ఏమీ లేదు తమ్ముడూ అంటే చాలు, ఈ రాత్రి బాల్దోకి రొట్టె దిగదు. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందో చూసుకుని తనకే భయం వేసింది.

పైన గోడ దగ్గర గురువుగారు గడ్డిలో పడిన సుత్తి వెతుక్కుంటున్నారు.

ఇద్దరి మధ్యా బాల్దో నింపిన పెద్దబుట్ట ఉంది. ఒక్కడి వల్ల లేచేది కాదు. సెవెరినో వంగి ఒకవైపు పిడి పట్టుకున్నాడు.

"అటువైపు నువ్వు పట్టుకో. చెబుతాను."

బాల్దో దగ్గరికి వచ్చి, పిడి పట్టుకుని, చెవి ఇచ్చాడు.

"చెవిలో వద్దు" అన్నాడు సెవెరినో.