గాలి కరణంగారి కోడలు, రాజుగారి సైకిలు

రండర్రా, రండి. కాళ్ళు దులుపుకుని చాప ఎక్కండి. వేణీ, నువ్విటు నా పక్కకి రా. ఏమే, నిన్న బళ్ళో సైకిలు బొమ్మ వేసి, బాణంగుర్తులు పెట్టి ఇరవై పేర్లు రాశావుట. పదికి పది వేశార్ట. మరి ఇవాళ సంత దగ్గర చైను ఊడితే, మీ తాత సైకిల్ని మొరాయించిన దూడని తోలుకొచ్చినట్టు ఇంటిదాకా తోసుకొచ్చావేం? పేరు తెలుసుగానీ ఎక్కించడం తెలీదా? బావుంది! అన్నం పేరు తెలుసు, కలుపుకోవడం తెలీదన్నట్టు. మూతి ముడవకు. నిన్ను మించిన ఘనులున్నారు లోకంలో, వాళ్ళ కథే చెప్పబోతున్నా. ఒరేయ్ సూరిగా, నువ్వు ఇకిలించకు. నీకు పేర్లూ రావు. ఊ కొట్టండి మరి.

అనగనగనగా ఒక ఊరు. ఊరు కాదులే, రాజ్యమే. ఈ కొసన మేక అరిస్తే ఆ కొసన వినపడేంత రాజ్యం. దానికో రాజు, గుమ్మటరాజు. పేరుకి తగ్గట్టే పైకి గుండ్రంగా గంభీరంగా ఉండేవాడు, లోపలంతా డొల్ల. ఆయన కొలువులో శబ్దశాస్త్రి అని ఒక పండితుడు. ఆయనకి రాని పేరు లేదు, వచ్చిన పని లేదు.

ఒకనాడు సముద్రం అవతలి రాజెవరో గుమ్మటరాజుకి ఒక సైకిలు కానుకగా పంపాట్ట. రాజులకాలంలో సైకిలెక్కడిదని అడక్కురా సూరీ. నా కథలో ఉంది, నువ్వు ఊ కొట్టు.

సైకిల్ని చూసి కొలువంతా నోరు తెరిచింది. గుర్రమా అంటే తోక లేదు, పల్లకీయా అంటే బోయీలు లేరు. రాజుగారు ముచ్చటపడి చెయ్యి వెయ్యబోతే శబ్దశాస్త్రి హాహాకారం చేశాట్ట. పేరు తెలియని వస్తువుని ప్రభువు ముట్టుకోకూడదన్నాట్ట. సరే, పేర్లు పెట్టవయ్యా అన్నాడు రాజు. ఇంకేం, శాస్త్రి మూడు నెలలు తలుపులు బిగించుకుని పేర్లు పెట్టాడు. చైనుకి శృంఖలాదేవి. పెడళ్ళకి పాదపీఠద్వయం. సీటుకి ఆసనరాజం. బురద చిందకుండా చక్రం మీద ఉండే రేకుకి పంకనివారిణి. బ్రేకుకి గతినిరోధకం. బెల్లుకి ఘంటికారత్నం. నోరు తిరుగుతోందా మీకు? మీకు తిరక్కపోయినా వాళ్ళకి తిరిగింది. పొద్దునా సాయంత్రం సైకిల్ని పీట మీద నిలబెట్టి, హారతిచ్చి, పేర్లన్నీ దండకంలా చదివేవారు. ఎక్కేవాడు మాత్రం లేడు!

అంతటితో ఆగితే వాళ్ళు పెద్దమనుషులెలా అవుతారు? ఒక్కో భాగానికి ఒక్కో అధికారి. చైనుకో అధికారి, బ్రేకుకో అధికారి, బెల్లుకో అధికారి. తలో తలపాగా. ఎవరి భాగం వాళ్ళే ముట్టుకోవాలి, పక్కవాడి భాగం మీద వేలు పడిందా, నేరం. ఆఖరికి చక్రాల్లోకి గాలి కొట్టే పని మిగిలింది. చెమట పట్టే పని కదా, పెద్దమనుషులెవరూ ముందుకి రాలేదు. పానకాలయ్య అనే బక్కాయన్ని పట్టుకుని గాలి కరణం అని పేరు పెట్టారు. తలపాగాకి గుడ్డ చాలక తువ్వాలు చుట్టారు.

అదే చాలు పానకాలయ్యకి! కాళ్ళు నేలమీద ఆనితే ఒట్టు. ఇంటికొస్తే భార్యని, కరణంగారికి మంచినీళ్ళు తెమ్మనేవాట్ట.

ఊ కొడుతున్నారా? ఆఁ.

ఈ పానకాలయ్యకి ఒక కోడలు. అచ్చాయమ్మ. ఆ పిల్ల పుట్టిల్లు పొరుగు రాజ్యం. అక్కడ వీధికి పది సైకిళ్ళు, వాళ్ళ నాన్నది సైకిళ్ళు బాగుచేసే కొట్టు. ఆ పిల్ల పాలపళ్ళతోపాటే పంక్చర్లెయ్యడం నేర్చుకుంది. అయితే ఏం లాభం? అత్తారింట్లో అదే తప్పయిపోయింది. మసిచేతుల సంబంధం చేసుకున్నామని మామగారు మూలిగేవాడు. ఆ పిల్ల ఒకనాడు మామగారూ, సైకిల్లో గాలి ఎలా నిలుస్తుందో తెలుసా అని అడిగితే, నేను కరణాన్ని, కొట్టువాణ్ణి కాదు, ఆ మాటలు మీ పుట్టింట్లో మాట్లాడుకో అని గదిమాట్ట. అచ్చాయమ్మ వంటింట్లోకెళ్ళి పప్పు తిరగమోత పెట్టుకుంది. కొందరితో అంతే, దెబ్బ తగిలేదాకా ఆగాలి.

తగిలింది. విజయదశమి వచ్చింది. గుమ్మటరాజు సైకిలెక్కి ఊరేగుతాడని దండోరా వేశారు. ముందురోజు పొద్దున చూస్తే వెనకచక్రం అప్పడంలా నేలకి అతుక్కుపోయి ఉంది!

పానకాలయ్య పంపు తగిలించి కొట్టాడు, కొట్టాడు, కొట్టాడు... చక్రం లేచింది. చెమట తుడుచుకున్నాడో లేదో, తుస్స్‌స్సు! మళ్ళీ కొట్టాడు, కొట్టాడు, కొట్టాడు... తుస్స్‌స్సు! మీరూ అనండర్రా. కొట్టాడు, కొట్టాడు, కొట్టాడు...

ఆఁ, అదీ.

అధికారుల్ని పిలిపించాడు రాజు. చైను అధికారి చైను చూసి, నా శృంఖలాదేవి నిక్షేపంగా ఉందన్నాడు. సీటు అధికారి సీటు తుడిచి, నా ఆసనరాజం దివ్యంగా ఉందన్నాడు. బెల్లు అధికారి ట్రింగుమనిపించి, నాది మోగుతోందిగా అన్నాడు. ఎవడి భాగం వాడిది బాగానే ఉంది, సైకిలు మాత్రం చచ్చి పడుంది. శాస్త్రేమో గాలికే దోషం పట్టిందని వాయుదేవుడికి హోమం చేయించాడు. పొగకి అందరి కళ్ళూ మండాయి. మళ్ళీ కొట్టాడు, కొట్టాడు... తుస్స్‌స్సు!

రాజుకి తిక్కరేగింది. రేపు ముహూర్తానికి చక్రం నిలబడిందా సరేసరి, లేదా, గాలి కరణానికి గుండు గీయించి, సున్నపుబొట్లు పెట్టి, గాడిద మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, ఇంటిల్లిపాదినీ పొలిమేర దాటిస్తానన్నాట్ట. మిగిలిన అధికారులు తమదాకా రాలేదు కదా అని తలపాగాలు సర్దుకున్నారు.

పానకాలయ్య మధ్యాహ్నానికి ఇంటికొచ్చి అరుగుమీద కూలబడ్డాడు. భార్య లబోదిబోమంది. అచ్చాయమ్మ మాత్రం మజ్జిగ చేతికిచ్చి నెమ్మదిగా అడిగిందిట.

"మామగారూ, కొట్టిన గాలి ఒక్క ఉదుటున పోతోందా, మెల్లిగా పోతోందా?"

"గాలి పోతోంది. పోవడంలో రకాలేమిటే?"

"ఉన్నాయి. చప్పుడు చక్రంలో ఏ పక్కనుంచి వస్తోంది?"

"పంపు తగిలించే ముక్కు దగ్గర్నుంచి."

"అయితే ట్యూబు బావుంది. వాల్వు పుల్లకి తొడిగిన రబ్బరు చివికిపోయింది."

"ఏ రబ్బరు? దండకంలో అలాంటి పేరే లేదే!"

చూశారా మరి! చిక్కుడుగింజంత రబ్బరు. అంత చిన్నదానికి పేరు పెట్టడం శాస్త్రికి నామోషీ. పేరు లేదు కనక అధికారి లేడు, అధికారి లేడు కనక ఆరునెలలై చూసినవాడు లేడు. అది ఎండి, బీటలిచ్చి, ఊరుకుంది.

అచ్చాయమ్మ తన రేకుపెట్టె తీసింది. పుట్టింటివాళ్ళు పసుపుకుంకాలతోపాటు ఇచ్చిన సామానుంది అందులో. ఒక పాత వాల్వు పుల్ల, వానపాములాంటి సన్న రబ్బరు గొట్టం. గొట్టాన్ని చిక్కుడుగింజంత కోసి చూపించిందిట. ఈ పుల్ల పక్కన చిన్న చిల్లుంది చూడండి, గాలి ఇందులోంచే లోపలికి పోతుంది, పోయేటప్పుడు రబ్బరు కాస్త పక్కకి జరిగి దారిస్తుంది, బయటికి రాబోతే చిల్లుకి అతుక్కుపోయి దారి మూస్తుంది అందిట. మా అత్తగారు వచ్చే చుట్టాన్ని రానిచ్చి, వెళ్తానంటే భోజనం చేసేదాకా గుమ్మం దాటనివ్వరే, అలాగన్నమాట అంది. అత్తగారికి ఏడుపులోనూ నవ్వొచ్చింది.

"తొడిగితే చాలా?" అన్నాడు పానకాలయ్య.

"పొడిగా ఉంటే ఎక్కదు మామగారూ. నోట్లో పెట్టి తడిపి తొయ్యాలి."

పానకాలయ్య అరుగుమీంచి లేచిపోయాట్ట! ఎంగిలా? రాజుగారి వాహనానికి ఎంగిలా? శివశివా! పోనీ నీళ్ళతో తడిపితే అన్నాడు. తడపచ్చు అంది కోడలు. కానీ సైకిలు దగ్గర చెంబు పట్టడానికి వేరే అధికారి ఉన్నాడుగా. ఆయన శాస్త్రిని అడగాలి, శాస్త్రి పంచాంగం చూడాలి, చెంబొచ్చేసరికి ముహూర్తం కాస్తా దాటుతుంది.

"మీ నోరు మీ దగ్గరే ఉంది కదా మామగారూ," అందిట.

ఆయన నసుగుతూ నిలబడ్డాడు. అప్పుడు అత్తగారు కళ్ళొత్తుకుని ఒకే ఒక్క మాటంది. "గాడిదెక్కుతారా, ఉమ్ముతారా? తేల్చండి."

తేలింది. పానకాలయ్య కూర్చుని రబ్బరు నోట్లో పెట్టుకున్నాడు. మొదటిది జారిపోయింది. రెండోది చిరిగింది. మూడోది మింగేశాడు! కోడలు విసుక్కోలేదు, ఇంకో ముక్క కోసి చేతిలో పెట్టింది. మళ్ళీ, మామగారూ. మళ్ళీ. పదకొండోది సరిగ్గా ఎక్కింది.

అంతటితో వదల్లేదు. రేపు రాజు సైకిలెక్కాక ఇంకేదైనా అయితే మళ్ళీ మీ మెడకే చుడతారు, మొత్తం నేర్చుకోండి అందిట. ఇంట్లో సైకిలేదీ? అత్తగారి రాట్నం తెచ్చి ముందు పెట్టింది. పెద్ద చక్రం తిప్పితే తాడు లాగుతుంది, తాడు లాగితే కదురు తిరుగుతుంది, సైకిలూ అంతే అని మొదలుపెట్టింది. ఆయన గొంతు సవరించుకుని శృంఖలాదేవి అనబోతే, పేరు కాదు మామగారూ, పని అందిట. ఇదిగో, ఇలా నేర్పింది, మీరూ వినండి.

పాదం తొక్కితే పెడలు దిగు,
పెడలు దిగితే పళ్ళచక్రం తిరుగు,
పళ్ళచక్రం తిరిగితే చైను లాగు,
చైను లాగితే వెనక ఫ్రీవీలు తిరుగు,
ఫ్రీవీలు తిరిగితే వెనకచక్రం తోయు,
వెనకచక్రం తోస్తే ముందుచక్రం పోవు,
ఎటు పోవాలో హేండిలు చెప్పు,
ఎప్పుడాగాలో బ్రేకు చెప్పు.

కాళ్ళు ఆపితే ఆగదా అని అడిగాడు మామ. ఆగదు, ఫ్రీవీలు ఉన్నది అందుకే, కాళ్ళు ఊరుకున్నా చక్రాన్ని పోనిస్తుంది, ఆపాలంటే బ్రేకే పట్టాలి, అప్పుడు రబ్బరు దిమ్మలు రిమ్ముని అదిమి పట్టుకుంటాయి అంది కోడలు. ఆ మాట ఆయన నాలుగుసార్లు పైకి అనుకున్నాడు.

సూరీ, పడుకున్నావా? లేదా? మరి ఊ ఏదిరా? ఆఁ.

పొద్దున్నే కొలువు నిండిపోయింది. గాడిదని కూడా తెచ్చి కట్టేశారు, సున్నం కలిపి ఉంచారు. పానకాలయ్య చక్రం ముక్కు విప్పాడు, చివికిన రబ్బరు గీకి పారేశాడు. బొడ్లోంచి కొత్త ముక్క తీసి, నలుగురూ చూస్తుండగా నోట్లో వేసుకున్నాడు! శాస్త్రి చెవులు మూసుకుని అపచారం అపచారం అని అరిచాడు. చెవులెందుకు మూసుకున్నాడో ఆయనకే తెలీదు. పానకాలయ్య ఆగలేదు. రబ్బరు తొడిగాడు, ముక్కు బిగించాడు, కొట్టాడు, కొట్టాడు, కొట్టాడు... ఆఖరికి గాలి కారుతోందేమో చూడ్డానికి వేలిమీద ఇంత ఉమ్మి తీసి ముక్కుకి రాశాడు. బుడగ రాలేదు. అంతా దగ్గరికి జరిగారు. నూరు లెక్కపెట్టారు. చక్రం రాయిలా నిలబడింది.

రాజు మొహం విప్పారింది. ఎంగిలి మాట మళ్ళీ చూద్దాంలెమ్మని సైకిలెక్కేశాడు. చెరో పక్కనా భటులు పట్టుకున్నారు, బాజాలు మోగాయి. నాలుగు వీధులు బానే సాగింది. అయిదో వీధి పల్లం. భటుల పట్టు జారిపోయింది. సైకిలు జర్రున దిగుతోంది. రాజు కాళ్ళాపేశాడు, అది ఆగలేదు. ఆగు ఆగు అని ఆజ్ఞాపించాడు, అది వినలేదు. సైకిలుకి రాజేమిటి, బంటేమిటి! ఎదురుగా పశువుల పెంటకుప్ప. వెనకాల బ్రేకు అధికారి తలపాగా పట్టుకుని పరిగెడుతూ, మహాప్రభో గతినిరోధకం, మహాప్రభో గతినిరోధకం అని దండకం చదువుతున్నాడు తప్ప, అదెక్కడుందో చెప్పడు. చెప్పడానికి వాడికి తెలిస్తేగా!

అప్పుడు పానకాలయ్య గొంతు చించుకుని అరిచాట్ట.

"పిడికిలి కింద రెండు కమ్మీలున్నాయి ప్రభూ! రెండూ కలిపి పిసకండి!"

రాజు పిసికాడు. కీచుమంటూ సైకిలు పెంటకుప్పకి మూరెడు దూరంలో ఆగింది. కాలు ఆనించేసరికి రాజుగారి కాలివేలికి మాత్రం ఇంత అంటుకుంది, అది పర్లేదు.

రాజు దిగి, రొప్పుతూ, నీకిదంతా ఎవరు నేర్పారయ్యా అని అడిగాడు. పానకాలయ్య చుట్టూ చూశాడు. ఊరు ఊరంతా అక్కడే ఉంది. నాకే తెలుసని ఒక్క అబద్ధమాడితే పెద్ద తలపాగా దక్కేది. ఆయన నెత్తిమీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాట్ట.

"మా కోడలు, ప్రభూ. సైకిళ్ళ కొట్టు పిల్ల. నిన్నటిదాకా నేనా మాట చెప్పుకోడానికి సిగ్గుపడ్డాను," అన్నాడు.

అచ్చాయమ్మని పల్లకీలో పిలిపించారు. ఏం కావాలో కోరుకో అన్నాడు రాజు. ఆ పిల్ల నగలడగలేదు, మాన్యాలడగలేదు. ఈ సైకిలు మొత్తం విప్పేయించండి మహారాజా, ఒక్కో అధికారీ తన చేత్తో మొదట్నుంచి చివరిదాకా బిగించేదాకా ఎవరికీ తలపాగా ఉండకూడదు అందిట. శాస్త్రిగారితో సహా!

కొలువుగుమ్మంలో విప్పి పోశారు. చూడాలి వాళ్ళ అవస్థ! చైను అధికారి పంచె చైనులో ఇరుక్కుంది. సీటు అధికారి సీటుని తిరగేసి బిగించాడు. బెల్లు అధికారి చేతులకంటిన నూనె మీసాలకి రాసుకున్నాడు. రాజు కూడా ముచ్చటపడి ఓ మూల కూర్చుని చువ్వలు బిగించడం మొదలెట్టాట్ట. నెలతిరిగేసరికి అందరికీ వచ్చేసింది. మరుసటేడు ఊళ్ళో పాతిక సైకిళ్ళు, చెడితే ఎవరికి వాళ్ళే బాగుచేసుకోవడం, అందరూ చల్లగా ఉన్నారు.

శబ్దశాస్త్రి మాత్రం ఆఖరిదాకా మిగిలిపోయాడు. ఆ చిక్కుడుగింజంత రబ్బరు ముక్కని అరచేతిలో పెట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి, అమ్మాయీ, ఇంతకీ దీనికి ఏం నామకరణం చేద్దామంటావ్ అని అడిగాట్ట.

"ముందు తొడగండి శాస్త్రిగారూ, పేరు తర్వాత చూద్దాం," అందిట అచ్చాయమ్మ.

శాస్త్రి రబ్బరుని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, నోట్లో పెట్టుకున్నాడు.

అదర్రా సంగతి. పేరు నోటికొస్తే పండితులు కారు, పని చేతికొస్తేనే. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.