పడవలో పోసిన నీళ్లు

రండర్రా, ఇలా ముందుకు జరగండి. వెనకెక్కడో కూర్చుంటే నా గొంతు అందదు, ఆపైన మీరు గుసగుసలు మొదలెడతారు. ఆ పలకలు పక్కన పెట్టండి. సర్దుకున్నారా? ఇప్పుడు దస్తగిరి సంగతి చెబుతాను.

కృష్ణ ఒడ్డున జలాల్ బాబా అని ఓ ఫకీరు ఉండేవాడు. ఆయన శిష్యుడే దస్తగిరి. మంచివాడు, చురుకైనవాడు. కుదురు మాత్రం లేదు. అతనికి వచ్చిపడిన చిక్కేమిటంటే, కొత్త పడవ పని నడుస్తోంది, చేసే వడ్రంగులేమో రోజురోజుకీ నీరసపడిపోతున్నారు.

రేవులో పాత పడవ పుచ్చిపోయింది. ఏరు పొంగేలోగా కొత్తది కావాలి. దస్తగిరి చెల్లెలు జైబున్ అత్తవారి ఊరు అవతలి ఒడ్డున ఉంది. పురిటికి పుట్టింటికొచ్చిన పిల్ల, చంకన బిడ్డతో ఇక్కడే ఆగిపోయింది. వరదొస్తే మళ్లీ చలికాలం దాకా దాటలేదు. బిడ్డ మొహం వాళ్ల నాన్న ఇంకా చూడనే లేదు. అందుకే బాబా పని అప్పజెప్పగానే దస్తగిరి నడుం బిగించాడు.

బాబా దగ్గర పనికి ఓ పద్ధతి ఉండేది. ఎండ నెత్తి మీదికి రాగానే పనిముట్లు దించాలి. అన్నం తిని, ఓ కునుకు తీశాకే మళ్లీ ఎత్తాలి. పొద్దు వాలితే ఉలి ముట్టకూడదు.

దస్తగిరి ఆ పద్ధతి తీసేశాడు. ఒక చేత్తో ముద్ద, ఇంకో చేత్తో సుత్తి. చీకటి పడితే దీపాలు పెట్టించాడు. తనూ వాళ్లతో సమానంగా చేశాడు, అది ఒప్పుకోవాలి. కళ్లు చింతనిప్పుల్లా ఎర్రబడితే అదేదో బిరుదు దొరికినట్టు మురిసిపోయేవాడు.

మొదట్లో పని పరుగెత్తింది. తర్వాత, పాడుతూ పనిచేసే పోలయ్య పాట మానేశాడు. అన్నదమ్ముల్లా ఉండే ఇద్దరు మేకుల బుట్ట దగ్గర కొట్టుకోబోయారు. ఒకడైతే నిలబడే నిద్రపోతూ, గోడ అనుకుని ఎద్దుకు ఆనుకున్నాడు. నవ్వకండర్రా. ఆ రోజు అక్కడ ఎవ్వరూ నవ్వలేదు.

దస్తగిరి వెళ్లి బాబాతో మొర పెట్టుకున్నాడు.

"వీళ్లకు శ్రద్ధ లేదు బాబా. నేను నిద్ర మానుకుని చేస్తున్నాను. నన్ను చూసైనా సిగ్గు రావట్లేదు. ఏం చెయ్యమంటారు వీళ్లని?"

"పడవ ఎంతవరకు వచ్చింది?"

"అయిపోయినట్టే. రేపు నీళ్లలోకి దించుతాను."

"అయితే రేపు వస్తాను," అన్నాడు బాబా.

తెల్లారేసరికి రేవు నిండా జనం. నీళ్లు ముంచుకెళ్లే ఆడవాళ్లు నిండు బిందెలతో సహా ఆగిపోయారు. దుంగల మీద ఎత్తిపెట్టిన పడవ, కొత్త గుగ్గిలంతో నల్లగా మెరుస్తోంది. జైబున్ మూట చంకనేసుకుని, బిడ్డను గుడ్డలో చుట్టుకుని వచ్చింది.

"ఎక్కవే జైబూ, అందరికంటే నువ్వే ముందు," అన్నాడు దస్తగిరి. "వెనక పలక మీద కూర్చో. దాని అడుగున సందులు పూడ్చింది నేనే. వేరేవాళ్లను వేలు పెట్టనివ్వలేదు."

సందులు పూడ్చడమంటే తెలుసా? పలకకీ పలకకీ మధ్య నూనెలో తడిపిన దూది కూరాలి. సుత్తితో గట్టిగా దట్టించాలి. పైన గుగ్గిలం కాచి పూయాలి. అప్పుడే నీళ్లు లోపలికి రావు.

జైబున్ ఎక్కడానికి కాలెత్తింది.

"ఆగమ్మా," అన్నాడు బాబా. "నాయనా, నీళ్లు పోసి చూశారా?"

పోలయ్య తల దించుకున్నాడు. పడవ నీళ్లలోకి పోయేముందు నీళ్లు పడవలోకి పోవాలి, అది పడవలు కట్టేవాళ్ల ఆచారం. ఒడ్డునే లోపల నీళ్లు నింపి, అడుగున కారుతుందేమో చూస్తారు.

"తీరికెక్కడిది బాబా? దానికో పూట పోతుంది," అన్నాడు దస్తగిరి.

బాబా పక్కనున్నావిడ చంకలోంచి బిందె అందుకుని పడవలో వంపాడు. ఇంకో బిందె అడిగి తీసుకున్నాడు. అది చూసి మిగతా ఆడవాళ్లూ తలా ఒకటి పోశారు.

కాసేపు ఏమీ లేదు. దస్తగిరి నవ్వబోయాడు.

అప్పుడు అడుగున ఓ చుక్క. దాని పక్కన ఇంకోటి. చూస్తుండగానే పడవ అడుగంతా కారడం మొదలైంది. వెనక వైపున మాత్రం చుక్కలు కావు, వేలు లావు ధార, దబదబా ఇసకలోకి.

జైబున్ చంకలోంచి మూట జారిపోయింది. బిడ్డను గుండెకు అదుముకుని వెనక్కి నడిచింది. 

దస్తగిరి పోలయ్య చొక్కా పట్టుకున్నాడు. "నా చెల్లెల్ని ముంచేసేవాడివి కదరా! బిడ్డను ముంచేసేవాడివి కదరా!"

పోలయ్య విడిపించుకోలేదు. "తప్పే సాహెబూ. చేతులు ఆడుతున్నాయి గానీ ఏం చేస్తున్నాయో తెలీలేదు," అన్నాడు.

అతన్ని వదిలేసి దస్తగిరి పడవ కిందికి దూరి, ఆ ధార దగ్గరికి పాక్కుంటూ వెళ్లాడు. సందులో వేలు పెట్టాడు. పైనున్న గుగ్గిలం అప్పడంలా విరిగిపోయింది. లోపల దూది లేదు. ఒక్క పోగు కూడా లేదు. వేలు సరాసరి అవతలికి వెళ్లిపోయింది.

అది వెనక పలక అడుగు.

నీళ్లు నెత్తి మీద పడుతున్నా అక్కడే కూర్చుండిపోయాడు. సుత్తి పట్టుకున్నట్టు గుర్తుంది. పక్కన దీపం గుర్తుంది. ఆ తర్వాత ఎంత వెతికినా ఏమీ లేదు.

"నాకు తెలీదు బాబా," అన్నాడు. "ఇది పూసింది నేనేనా? నాకు తెలీనే తెలీదు."

బాబా మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగి, భుజం మీద గొంగడి తీసి పడవ నీడన పరిచాడు.

"పడుకో."

"ఇప్పుడా? ఏరు పొంగుతోంది బాబా! దూది కూరాలి, గుగ్గిలం కాచాలి, జైబున్..."

"పోలయ్యా, మీరందరూ కూడా," అన్నాడు బాబా.

దస్తగిరి చెల్లెలి వైపు చూశాడు. ఆ పిల్ల బిడ్డను వదలకుండా దూరంగానే నిలబడింది.

"అన్నా," అంది. "నువ్వు పడుకోకుండా చేసిన పడవ నేనెక్కను."

దస్తగిరి చేతిలో వేలెడు గుగ్గిలం ముక్క ఉండిపోయింది. దాన్ని ఇసకలో పెట్టి, గొంగడి మీద ఒరిగాడు.

ఏమిట్రా, జైబున్ దాటిందా అంటావా? దాటింది. వాళ్లు నిద్ర లేచి, సందులన్నీ మళ్లీ పూడ్చి, నీళ్లు పోసి చూసేసరికి కొత్త నీటితో ఏరు ఎర్రబడింది గానీ పడవ లోపల పొడిగానే ఉంది. ఇక లేవండి. ఇంట్లో పొయ్యి మీంచి దించేసి ఉంటారు. వెళ్లి వేడివేడిగా అన్నాలు తినండి.