మేక గుండెలో నీళ్ళు

వెంపరాల దక్షిణామూర్తిగారిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా ముందు చేతులు కడుక్కు రమ్మంటారు. వైద్య కళాశాలలో ముప్ఫై ఏళ్ళుగా ఆయనది అదే పద్ధతి. చెవిలో పడ్డ జవాబు నిలవదని, చేతిలో పెట్టింది మర్చిపోలేరని ఆయన నమ్మకం.

ఆ సోమవారం పొద్దున్నే ఆయన శిష్యురాలు, అక్కడే ట్యూటరుగా పనిచేస్తున్న మందాకిని సెలవు చీటీ పట్టుకుని ల్యాబులోకి వచ్చింది. ఆమె కూతురు చైత్రకి పన్నెండేళ్ళు, హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. నిన్న సాయంత్రం స్కూలువాళ్ళు ఆసుపత్రిలో చేర్చారు. ఆ ఊళ్ళోనే ఉండే మందాకిని తమ్ముడు పిల్ల పక్కనే ఉన్నాడు. కీళ్ళ జ్వరం గుండెకి పాకిందనీ, ఎడమవైపు తలుపు, అంటే వాల్వు, సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారుతోందనీ తెల్లవారేసరికి తేలింది. నెల కిందట గొంతునొప్పి వచ్చినప్పుడే మందు పడి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో అన్నారట డాక్టర్లు. ఆ గొంతునొప్పి సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. మందాకిని రైలు తొమ్మిదిన్నరకి.

"రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేశాను సార్. వార్డెన్‌ని బతిమాలి ప్రత్యేకంగా అనుమతి తీసుకున్నాను. ఏం తింది, ఎంతసేపు పడుకుంది, అన్నీ డైరీలో రాసుకున్నాను. ఒక్క పూట తప్పలేదు. అయినా నాకు తెలియకుండా ఎలా జరిగింది?"

ఆయన సెలవు చీటీ అందుకుని బల్ల మీద పెట్టారు.

"చేతులు కడుక్కురా అమ్మా."

క్లాసు కోసం ప్రతి సోమవారం లాగే అటెండరు పోలయ్య మేక గుండె తెచ్చి, గొట్టాలు బిగించి సిద్ధంగా ఉంచాడు. పైగదిలోకి వచ్చే గొట్టానికి ఎత్తున నీళ్ళ గరాటు, కింద గదిలోంచి బయటికి పోయే గొట్టం చివర మగ్గు.

"మాంసం కొట్టువాడు నన్ను చూసి నవ్వుతున్నాడు సార్, 'వారం వారం ఒట్టి గుండే పట్టుకెళ్తావు, మీ ఆవిడ కూరేం వండుతుందయ్యా' అని," అన్నాడు పోలయ్య. ఎవరూ నవ్వకపోయేసరికి పక్కకి తప్పుకున్నాడు.

"పిండు," అన్నారు దక్షిణామూర్తిగారు.

మందాకిని కింద గదిని పిడికిట పట్టి నొక్కింది. పై తలుపు మూసుకుంది, బయటి తలుపు తెరుచుకుంది, మగ్గులో నీళ్ళు చిమ్మాయి.

"ఇంకా తొందరగా. ఒక్క పూట తప్పకుండా."

ఆమె గబగబా నొక్కింది. ధార సన్నబడింది, చుక్కలయింది. ఆమె పళ్ళు బిగించి ఇంకా గట్టిగా పిండింది. మగ్గులో ఏమీ పడలేదు. ఎదురుగా గరాటు నిండుగానే ఉంది.

"నీళ్ళున్నాయి, తలుపులు బాగున్నాయి, నీ చేతిలో బలమూ ఉంది. మరి రావేం?"

మందాకిని తన పిడికిలి వంక చూసుకుంది. ఎనిమిదేళ్ళుగా తను బోర్డు మీద రాస్తున్నదే. పిడికిలి వదిలితేనే బయటి తలుపు పడుతుంది, పై తలుపు తెరుచుకుంటుంది, కింద గది నిండుతుంది. వేళ్ళు మెల్లగా సడలించింది. అరచేతిలో ఆ మాంసపు ముద్ద బరువెక్కడం తెలిసింది.

బల్ల మీద ఫోను మోగింది. ఆమె చేతులు తడిగా ఉంటే పోలయ్య స్పీకరు నొక్కాడు.

"అక్కా, ఇది మాట్లాడతానంటోంది."

తిన్నావా, మందేసుకున్నావా, జ్వరమెంత ఉంది? ప్రశ్నలన్నీ వరసగా నాలిక మీదికొచ్చాయి. మందాకిని ఒకటీ అడగలేదు.

"అమ్మా... లైన్లో ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

చాలాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"గొంతు అప్పుడే నొప్పెట్టిందమ్మా. చెబితే రోజుకి ఎనిమిదిసార్లు చేస్తావని చెప్పలేదు. నువ్వు ఫోన్ చేస్తే చాలు, 'మీ అమ్మ రౌండ్స్‌కి వచ్చిందే' అని అందరూ నవ్వేవాళ్ళు. బాగున్నానంటే తొందరగా పెట్టేసేదానివి."

డైరీలో తన చేత్తో రాసుకున్న 'బాగుంది'లన్నీ మందాకిని కళ్ళ ముందు నిలబడ్డాయి.

"నేను చచ్చిపోతానా అమ్మా?"

అదేం మాట, నీకేం కాదు అనబోయి ఆగింది. "భయంగా ఉందా?"

"ఊఁ."

"నాకూ ఉందమ్మా. వస్తున్నా."

అవతల ఏడుపు మొదలయింది. మందాకిని ఊరుకోమనలేదు. ఏడ్చి ఏడ్చి ఆ పిల్లే ఫోను మేనమామకి ఇచ్చేదాకా అలాగే నిలబడింది.

దక్షిణామూర్తిగారు సెలవు చీటీ మీద సంతకం చేసి ఇచ్చారు. గుమ్మం దగ్గర ఆమె వెనక్కి తిరిగింది.

"అది అంతసేపు ఏడ్చింది సార్. నేనొక్క ధైర్యం మాటా చెప్పలేదు."

ఆయన మేక గుండెని కుళాయి కింద పెట్టి కడుగుతున్నారు.

"స్టెతస్కోపులో మనకి వినబడేది తలుపులు మూసుకునే చప్పుడమ్మా," అన్నారు తలెత్తకుండా. "నిండేటప్పుడు ఏమీ వినబడదు."