మరచెంబు చప్పుడు

నంద్యాలలో లారీల రిపేరు షెడ్డు నడిపే కాలేషా ఉస్తాద్‌ను ఏదైనా అడిగితే జవాబు అంత తేలిగ్గా రాదు. ముందు జేబులోంచి జానెడు పొడవున్న స్క్రూడ్రైవరు తీస్తాడు. దాని కొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని కుడిచెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. ఎడమచెవి లారీల హోరుకు ఎప్పుడో పోయింది. దగ్గర్లో ఇంజన్ లేకపోతే స్క్రూడ్రైవరును వేళ్ల మధ్య తిప్పుతూ ఊరుకుంటాడు. అడిగినవాడికి ఓపిక ఉంటే జవాబు దక్కుతుంది, లేకపోతే టీ తాగి వెళ్లిపోతాడు.

కంబగిరికి ఓపిక ఉంది. కుర్రతనంలో ఆ షెడ్డులో ఆరేళ్లు పని నేర్చుకుని, తర్వాత బస్సు డిపోలో మెకానిక్ అయి, ఇప్పుడు రిటైర్మెంటుకు దగ్గరపడినవాడు. డిపోలో అతని మాటకు తిరుగులేదు. అలాంటివాడు ఉగాది వెళ్లిన నెలకు ఒక ఉదయం వచ్చి, ఉస్తాద్ ఎదుట స్టూలు మీద బుద్ధిగా కూర్చున్నాడు.

"ఉస్తాద్, ఒక ఇంజన్‌ను నమ్మొచ్చని మనకు ఎప్పుడు తెలుస్తాది?"

విషయం ఒక కారుది. పదిహేనేళ్లుగా ఊరంతా తిరుగుతున్న మోడలే. దాని పాత ఇంజన్ గుట్టంతా కంబగిరికి తెలుసు. ఈ యేడు కంపెనీవాళ్లు ఆ ఇంజన్‌ను మార్చేశారు. నాలుగు పిస్టన్లు మూడయ్యాయి. గొలుసు తిరిగేచోట బెల్టు వచ్చింది, అదీ ఆయిల్లో మునిగి తిరిగే బెల్టు. ఆయిల్లో నానుతూ అది ఎన్నేళ్లు బతుకుతుందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ బండి ఇంకా ఎవరి దగ్గరా యేడాదైనా తిరగలేదు. ఇంకో యేడు ఆగి, నలుగురూ నడిపాక కొనుక్కుంటే మంచిది కదా అని అతని సందేహం.

సందేహం సబబైనదే. చిక్కల్లా, ఇలాంటి సందేహం అతనికి రావడం వరసగా ఇది నాలుగో ఎండాకాలం.

అతని భార్య సుంకులమ్మ పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. ఆమెకు పదకొండేళ్లప్పుడు డ్యాము కట్టి దిన్నెలపాడును కృష్ణలో ముంచారు. తలుపులు, దూలాలు, పశువులను కట్టే గుంజలు కూడా ఎద్దుల బండ్ల మీద బయటికొచ్చాయి గానీ, వాకిట్లో పాతిన రోలు మాత్రం పెకలలేదు. నీళ్లు బాగా దిగిన ఎండాకాలం ఆ ఊరి గోడల మొదళ్లు ఒక నెలపాటు కనిపిస్తాయి, వరద రాగానే మళ్లీ మునిగిపోతాయి. "మా రోలు యాడికీ పోయుండదు," అంటుంది సుంకులమ్మ, అన్నం వడ్డిస్తూ ఉన్నట్టుండి. ఆ రోటి గుంతలో నిలిచిన నీళ్లు ఒక్క చెంబెడు తెచ్చుకోవాలని ఆమె కోరిక. పెళ్లయిన ముప్పయ్యేళ్లలో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

బస్సు దిగాక ఆరు మైళ్లు కంపచెట్ల దారి. ఆమె మోకాళ్లు ఆరడుగులకే మొరాయిస్తాయి. బాడుగ కారు మాట్లాడుకుందామంటే కంబగిరే ఒప్పుకోలేదు. ఇన్నేళ్లు ఊరందరి బస్సులూ రోడ్డెక్కించినవాడు పెళ్లాన్ని పుట్టిన ఊరికి బాడుగ బండిలో తీసుకుపోతాడా? "మన బండిలోనే పోదాం," అన్నాడు. ఆ మాట ఆమెకు నచ్చింది. పాపం, అది నచ్చినందుకే నాలుగేళ్లుగా ఎదురుచూస్తోంది.

ఉస్తాద్ అంతా విని స్క్రూడ్రైవరును రెండు తిప్పులు తిప్పాడు. "రేపు పొద్దున ట్రయల్‌కు ఆ బండి తీసుకురా. సుంకులమ్మను కూడా ఎక్కించుకో," అన్నాడు.

షోరూమువాళ్లు తెలిసినవాళ్లే కాబట్టి మర్నాడు తాళం కంబగిరి చేతికే ఇచ్చారు. ఉస్తాద్ ముందు సీట్లో కూర్చున్నాడు, సుంకులమ్మ గుడ్డసంచి ఒకటి పట్టుకుని వెనక కూర్చుంది. ఆత్మకూరు రోడ్డెక్కాక బండి మెత్తగా సాగింది. నాలుగు మైళ్లు పోయాక గొర్రెలమంద అడ్డమొచ్చి కంబగిరి ఆపాడు. అప్పుడు వినిపించింది. టిక్, టిక్, టిక్. సన్నగా, ఇంజన్ తిరిగే లెక్కకు సరిగ్గా.

అతని మొహం వెలిగింది. నాలుగేళ్లుగా వెతుకుతున్న దొంగ దొరికినట్టయింది అతనికి. బండిని పక్కకు తీసి, ఇంజన్ ఆపకుండానే బానెట్ ఎత్తాడు. ఉస్తాద్ స్క్రూడ్రైవరు అందించాడు. కంబగిరి వాల్వుల దగ్గర విన్నాడు, బెల్టు మూత దగ్గర విన్నాడు, చెమటలు కారేదాకా విన్నాడు. ఎక్కడ విన్నా శబ్దం శుభ్రంగానే ఉంది. తిరిగొచ్చి సీట్లో కూర్చుంటే మళ్లీ టిక్, టిక్.

"లోపల దాక్కుండాది ఉస్తాద్. వాల్వులదే, అనుమానం ల్యా. ఈ యేడు వద్దు."

"సరేలే, వచ్చే యేడు పోదాం," అంది సుంకులమ్మ వెనకనుంచి. ఏటా అనే మాటే, ఏటా అనే గొంతుతోనే అని, దిగడానికన్నట్టు కాళ్లదగ్గరి సంచిని ఒళ్లోకి తీసుకుంది.

చప్పుడు ఆగిపోయింది.

కంబగిరి గమనించలేదు. ఉస్తాద్ మాత్రం మంచిచెవిని వెనక్కి తిప్పాడు. "అమ్మా, ఆ సంచి మళ్లీ కింద పెట్టు," అన్నాడు.

ఆమె తటపటాయిస్తూ పెట్టింది. టిక్, టిక్, టిక్. ఉస్తాద్ చెయ్యి చాపితే సంచిలోంచి తీసి ఇచ్చింది. ఇత్తడి మరచెంబు. సంచిలోంచి పొడుచుకొచ్చిన దాని మూత పిడే ఇంతసేపూ సీటు కింది ఇనుపకమ్మీకి తగులుతోంది.

"ట్రయల్ అంటే ఎంతదూరం పోతారో నాకేం తెలుసు కాలేషన్నా," అంది ఆమె తలవంచుకుని. "నీళ్లు దిగినాయని మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేసినాడు. ఒకవేళ అంతదూరం పోతే, వట్టి చేతుల్తో పోగూడదు గదా అని."

కంబగిరి ఆ చెంబును చూశాడు. చింతపండుతో తోమి తోమి తళతళలాడుతోంది. నాలుగేళ్లుగా ఈ రోజుల్లోనే ఆమె దాన్ని తోమడం అతను చూస్తూనే ఉన్నాడు, పండక్కి తోముతోందనుకున్నాడు. ఎన్నో ఇంజన్లు విన్న చెవులివి. సిగ్గుపడుతూ, చిన్నపిల్లవాడిలా అడిగాడు.

"మరి ఇంజన్ సంగతి, ఉస్తాద్?"

ఉస్తాద్ మరచెంబు మూతను బిగించి సుంకులమ్మ చేతికిచ్చాడు. స్క్రూడ్రైవరు తుడుచుకుని జేబులో పెట్టుకున్నాడు.

"బెల్టు ఎన్నేండ్లు పట్టుకుంటాదో నాకూ తెలీదు. ఈ చప్పుడు యాడిదో మాత్రం తెలిసిపాయ. ఇంగ బానెట్ మూసెయ్యి."