పెరిగే పిల్లకి వదులు కుట్టు

ఒకప్పుడు నీటిపక్షులకి తెడ్డుకాళ్లు లేవు. బాతుకైనా గూడబాతుకైనా కోడికి ఉన్నట్టే వట్టి వేళ్లు. నీళ్లలో దిగి ఎంత తన్నుకున్నా వేళ్ల సందుల్లోంచి నీళ్లు జారిపోయేవి. కూతవేటు దూరం ఈదాలంటే పూట గడిచిపోయేది. అందుకని కొల్లేటి పక్షులన్నీ ఒడ్డు పక్క తుంగలోనే కాపురాలు పెట్టుకుని, లోతు నీళ్ల జోలికి పోయేవి కావు.

ఆ తుంగలోనే బొల్లమ్మ ఉండేది. బొల్లమ్మ బొల్లికోడి. ఒళ్లంతా నల్లగా, నుదుట మాత్రం సున్నం పట్టీ వేసినట్టు తెల్లగా ఉంటుంది. అంతకుముందు ఏడాది పెట్టిన గుడ్లన్నీ వరదలో పోయాయి. ఈ ఏడు నిలిచింది ఒక్క కూతురే. పేరు కెంపి. ఎర్రటి బట్టబుర్ర, మెడ చుట్టూ నిప్పురంగు నూగు. చూసినవాళ్లకి నవ్వొచ్చేది. బొల్లమ్మకి మాత్రం కొల్లేరు మొత్తంలో అంత అందగత్తె లేదు.

ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. బుడమేరూ తమ్మిలేరూ ఒకేసారి పొంగి వచ్చి కొల్లేట్లో పడ్డాయి. తుంగ మునిగింది. గూళ్లు తేలాయి.

"అవతల లంక ఎత్తుగా ఉంది. అందరం అక్కడికి పోదాం" అన్నాయి బాతులు.

పోవచ్చు. కానీ దారిలో ఉప్పుటేరు నోరు ఉంది. కొల్లేటి నీళ్లు సముద్రానికి పోయేది అటే. ఆ లాగుడులో చిక్కినవాళ్లు తిరిగొచ్చింది లేదు.

ఎగిరిపోదామంటే పిల్లలకి ఇంకా రెక్కలు రాలేదు. వట్టి వేళ్లతో అది దాటేదెలా?

అప్పుడు పీత మేస్త్రి ముందుకొచ్చాడు. రెండు చేతులూ కత్తెరలే కాబట్టి కత్తిరింపు పని ఆయనకి పుట్టుకతోనే వచ్చు. తామరాకు కత్తిరించి, బాతు కాలివేళ్ల మధ్య పెట్టి, తుంగనారతో కుట్టాడు. బాతు నీళ్లలో దిగి ఒక్క తోపు తోసింది. సర్రుమని పోయింది.

"తెడ్డులా ఉందే!" అంది బాతు.

"తెడ్డే" అన్నాడు మేస్త్రి. "ఎవరికి ఎంత తెడ్డో నేను చూసి కుడతాను. వరసలో నిలబడండి."

పక్షులన్నీ వరస కట్టాయి. మేస్త్రి ముందు ఒళ్లు చూసేవాడు, బరువెంత అని. తర్వాత పిక్క నొక్కి చూసేవాడు, బలమెంత అని. అప్పుడు కత్తిరించేవాడు.

గూడబాతు వంతు వచ్చింది. మేస్త్రి తలెత్తి చూసి, "నీకు మూడు వేళ్లు చాలవయ్యా. పడవంత ఉన్నావు. నాలుగూ కలిపి కుట్టాలి" అన్నాడు.

"పడవంటావా? ఈ మాట మనసులో పెట్టుకుంటాను."

"మనసులో ఎందుకు? మెడ కింద అంత సంచీ ఉందిగా, అందులో పెట్టుకో."

వరసంతా నవ్వింది. గూడబాతు కూడా నవ్వి, నాలుగు వేళ్లూ చాపాడు.

తర్వాత బొల్లమ్మ. మేస్త్రి కొలిచి, ఒంటికి తగ్గట్టు మూడు వేళ్లకి కుట్టాడు. బొల్లమ్మ అటూ ఇటూ నడిచి చూసుకుని, "బాగానే ఉన్నాయి" అంది. ఆ వెంటనే కెంపిని ముందుకి తోసింది.

"దీనికి కొంచెం వదులుగా కుట్టు మేస్త్రీ. పెరిగే పిల్ల."

మేస్త్రి కెంపి కాలు చూశాడు. చీపురుపుల్లంత ఉంది.

"ఎంత వదులు?"

బొల్లమ్మ గూడబాతు కాళ్ల వైపు చూసింది.

"అంతా?" అన్నాడు మేస్త్రి.

"అంత కాకపోతే ఒక పిసరు తగ్గించు."

"అమ్మాయ్, ఇది గౌను కాదు, వదులైతే మడిచి కుట్టుకోవడానికి. తెడ్డు. పలక వెడల్పయ్యేకొద్దీ ఒక్కో తోపుకి ఎక్కువ నీళ్లు తోయాలి. ఆ బరువు కాలే మోయాలి. అదుగో, అటు చూడు."

నీళ్ల మీద రెండు దోనెలు పోతున్నాయి. ఒకదాని మీద మొగుడు, ఒకదాని మీద పెళ్లాం. ఇద్దరూ నిలబడే తెడ్డేస్తున్నారు. ఆయన తెడ్డు పలక చేటంత ఉంది. ఆవిడది రెండు అరచేతులంత.

"ముందెవరున్నారు?" అడిగాడు మేస్త్రి.

"ఆయనే! నేను చెప్పలా? పెద్దదే మంచిది."

"కాస్త ఆగు."

కాసేపయింది. ఆయన తెడ్డు దోనెలో పడేసి భుజం పిసుక్కుంటున్నాడు. ఆవిడ గబగబా చిన్న చిన్న తోపులు వేసుకుంటూ పక్కనుంచే దాటిపోయింది. పోతూ పోతూ, "ఏవయ్యా, చేట తెచ్చావు! నడి కొల్లేట్లో బియ్యం చెరుగుతావా?" అంది.

మేస్త్రి బొల్లమ్మ వైపు తిరిగాడు. "చూశావా?"

"చూశాను. ఆయనకి చేతకాదు. నా కూతురు అలాంటిది కాదు."

"అసలు సంగతేంటంటే, ఈ ఆకు..."

"ఆకు సంగతి నాకెందుకు? నువ్వు కుట్టు మేస్త్రీ. వచ్చే ఏడు మళ్లీ వరసలో నిలబడే ఓపిక నాకు లేదు."

మేస్త్రి నిట్టూర్చి కుట్టాడు. ముడి వేస్తూ మాత్రం ఒక మాట అన్నాడు. "వారం దాకా ఇది ఆకే, కొరికినా నొప్పి తెలీదు. ఆ తర్వాత ఒంట్లో కలిసిపోతుంది. కత్తిరించుకోవాలనుకుంటే ఈలోపే రా."

"కోరి పెద్దది కుట్టించుకుని ఎవరైనా కత్తిరిస్తారా?" అంది బొల్లమ్మ.

కెంపి ఒక అడుగు వేసింది. తన కాలు తనే తొక్కుకుని బోర్లా పడింది. బాతుపిల్లలు ఆరూ పకపకా నవ్వాయి.

"అలవాటవుతుందిలే" అంది బొల్లమ్మ.

మర్నాడు పొద్దున్నే అందరూ బయల్దేరారు. మేస్త్రి గూడబాతు సంచిలో కూర్చున్నాడు. "మింగవు కదా?" అని దారిలో మూడుసార్లు అడిగాడట. గూడబాతు నోరు తెరిచి జవాబు చెప్పలేదు, మేస్త్రి జారిపోతాడని.

కెంపి ఒక్క తోపు తోసింది. ఝామ్మని ముందుకి దూకింది. ఇంకో తోపు. బాతుపిల్లలు వెనకపడ్డాయి. ఇంకోటి. పెద్దబాతులూ వెనకపడ్డాయి.

"చూశావా వదినా?" అంది బొల్లమ్మ పక్కనున్న బాతుతో.

"చూస్తున్నా వదినా" అంది బాతు. దాని కళ్లు తన ఆరుగురు పిల్లల మీదే ఉన్నాయి.

పది తోపులు. ఇరవై. కెంపి తోపుకీ తోపుకీ మధ్య ఆగడం మొదలుపెట్టింది. బాతుపిల్లలు పక్కకొచ్చాయి. దాటాయి. పెద్దబాతులు దాటాయి.

"అమ్మా, కాళ్లు రావట్లేదు."

"వస్తాయి. ఇంకొంచెం గట్టిగా తొయ్యి."

"తొయ్యలేనమ్మా."

"పోనీ చిన్న చిన్నగా తొయ్యి."

కెంపి చిన్నగా తోయబోయింది. ఆ తెడ్డుకి చిన్న తోపు తెలీదు. కాలు వెనక్కి నెట్టాలన్నా బరువే, ముందుకి తీసుకోవాలన్నా బరువే. ఎర్రబుర్ర నీళ్లలోకి వాలిపోసాగింది.

అప్పుడు గమనించింది బొల్లమ్మ. లంక ఎదురుగా లేదు, పక్కకి జరిగిపోయింది. జరుగుతున్నది లంక కాదు, తామిద్దరూ. నీళ్లు నున్నగా, చప్పుడు లేకుండా ఒకే వైపు పోతున్నాయి.

ఉప్పుటేరు.

బొల్లమ్మ కెంపి వెనక్కి చేరి రొమ్ముతో నెట్టింది. కదల్లేదు. ముందుకొచ్చి ముక్కుతో మెడ పట్టి లాగింది. రాలేదు. "వదినా!" అని అరిచింది. బాతు చాలా దూరంలో ఉంది. గూడబాతు అప్పుడే లంకెక్కాడు.

"అమ్మా, నువ్వెళ్లిపో" అంది కెంపి.

బొల్లమ్మ ఊపిరి బిగబట్టింది. నీళ్లలో మునిగింది.

కింద కెంపి కాళ్లు కనిపించాయి. రెండు తామరాకులు తెరచాపల్లా విచ్చుకుని ఉన్నాయి. ఏరు పట్టుకు లాగుతున్నది వాటినే. వాటి వెనకే పిల్ల.

వదులుగా కుట్టమన్నది ఎవరు?

బొల్లమ్మ నోరు తెరిచి కొరికింది. వేలికీ వేలికీ మధ్య ఆకుని చీల్చింది. ఊపిరి కోసం పైకొచ్చింది. మళ్లీ మునిగింది. వరసా లేదు, కొలతా లేదు. దొరికినచోటల్లా కొరికి ఉమ్మేసింది. వేలు మడతపడే ప్రతిచోటా ఆకు తెగి ఊడొచ్చింది. మడతకీ మడతకీ మధ్య కుట్టు గట్టిగా ఉన్నచోట, గవ్వంత గవ్వంత ముక్కలు వేళ్లని పట్టుకుని మిగిలిపోయాయి.

నాలుగోసారి పైకొచ్చి, "తన్ను!" అని అరిచింది.

కెంపి తన్నింది. కాలు తేలిగ్గా వచ్చింది. ముందుకి తీసుకుంటే ఆ ముక్కలు ముడుచుకున్నాయి, వెనక్కి తంతే విచ్చుకున్నాయి. చిన్న తోపు. ఇంకో చిన్న తోపు. టపటపటపటప.

"ఆపకు" అంది బొల్లమ్మ. "పెద్దవి వద్దు. చిన్నవే. ఆపకు."

ఆపలేదు కెంపి. ఏరు దాటింది. రెల్లు దాటింది. లంక మట్టి మీద ముక్కు ఆనించి పడుకుంది.

బొల్లమ్మ పక్కనే కూలబడింది. ఆ రోజంతా కూతురి పక్కనుంచి కదల్లేదు. కెంపి కళ్లు మూస్తే లేపేది. తెరిస్తే, "ఏం లేదు, పడుకో" అనేది.

అంతటితో అయిపోలేదు. మర్నాడు బాతుపిల్లలు కెంపి కాళ్లు చూశాయి.

"ఒరేయ్, కెంపి కాళ్లు ఎలకలు కొరికాయిరోయ్!"

"ఎలకలు కాదురా, వాళ్లమ్మ!"

"పొద్దున అన్నం దొరకలేదేమో పాపం, కూతురి కాళ్లు తినేసింది!"

కెంపి కాళ్లు పొట్ట కిందికి లాక్కుంది. ఆ రోజు నీళ్లలోకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. బొల్లమ్మ నాచు ముక్కలు తెచ్చి నోట్లో పెడితే తినేది. "ఈదుదాం రా" అంటే తల అడ్డంగా ఊపేది.

నీళ్లలో దిగని బొల్లికోడి ఎన్నాళ్లు బతుకుతుంది? ఒడ్డు మీద నక్కలుంటాయి.

కుట్టిన దగ్గర్నుంచి ఆరో రోజున బొల్లమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని మేస్త్రి దగ్గరికి వెళ్లింది.

మేస్త్రి కళ్లు రెండూ పైకి నిక్కించి చూశాడు. "ఏం అమ్మాయ్, వదులు సరిపోయిందా?"

బొల్లమ్మ నేల చూసింది.

"ఆ రోజు నేనొక సంగతి చెప్పబోయాను. ఆకు ఒంట్లో కలిశాక పిల్లతో పాటే పెరుగుతుంది. వదులు అక్కర్లేదు. నువ్వు చెప్పనిస్తేగా!"

బొల్లమ్మ ఇంకా కిందికి చూసింది.

మేస్త్రికి జాలేసింది. కెంపి కాలు పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. "ఇవి పీకేసి, బాతుపిల్లలకి లాంటివే కుట్టనా తల్లీ?"

కెంపి ఆలోచించింది. "వద్దు తాతా. ఇవి తేలిగ్గా ఉన్నాయి. బురదలో కూడా నడవగలుగుతున్నా. కాకపోతే..."

"కాకపోతే?"

"కొల్లేరు మొత్తంలో ఇలాంటి కాళ్లు నాకొక్కదానికే."

బొల్లమ్మ తన కాలు ముందుకి చాపింది. "నాకూ అలాగే కత్తిరించు."

"నీవి కొలిచి కుట్టాను. రవ్వంత తేడా లేదు."

"కత్తిరించు."

"అయితే ఒక షరతు. 'తప్పు నాదే' అని నువ్వు ఒప్పుకో."

బొల్లమ్మ తల ఊపింది.

"ఊపితే కాదు. నోటితో చెప్పు."

"నోరు నొప్పిగా ఉంది. ఆకు కొరికాను."

"నాలుగు రోజులైంది!"

బొల్లమ్మ మళ్లీ తల ఊపింది. ఈసారి రెండుసార్లు.

మేస్త్రి నవ్వు ఆపుకుని కత్తెర ఆడించాడు. కణుపు కణుపుకీ ఒక నొక్కు. గవ్వంత గవ్వంత ముక్కలు. అయ్యాక బొల్లమ్మ నిలబడింది. చక్కటి తెడ్డుకాళ్లు పోయి చీలికపేలికలు మిగిలాయి.

కెంపి వంగి చూసింది. ముందు కిసుక్కుమంది. తర్వాత ఆపుకోలేకపోయింది. "అమ్మా! నీ కాళ్లు కూడా ఎలకలు కొరికాయి!"

"ఊ" అంది బొల్లమ్మ. "పద."

ఇద్దరూ నీళ్లలో దిగారు. బాతుపిల్లలు నవ్వడానికి నోళ్లు తెరిచాయి. తల్లి కాళ్లు చూశాయి, కూతురి కాళ్లు చూశాయి, ఎవరిని చూసి నవ్వాలో తెలియక నోళ్లు మూసుకున్నాయి. కెంపి టపటపమని నీళ్ల మీద పరుగెత్తింది. బొల్లమ్మ వెనకే.

దారిలో ఒడ్డు మీదనుంచి మేస్త్రి, "తప్పెవరిది అమ్మాయ్?" అని కేకేశాడు.

బొల్లమ్మ ఈదుతూనే తల ఊపింది.

మర్నాటితో వారమైంది. ఆకులు ఒంట్లో కలిసిపోయాయి. ఆ తర్వాత బొల్లమ్మకి పుట్టిన పిల్లలకీ, వాళ్లకి పుట్టిన పిల్లలకీ అవే కాళ్లొచ్చాయి, ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్లకి.

అప్పటినుంచే బొల్లికోడి కాళ్లు బాతు కాళ్లలా కలిసి ఉండవు. వేలివేలికీ, కణుపుకణుపుకీ విడివిడిగా చిన్న తెడ్డుముక్కలుంటాయి. కావాలంటే చూడండి, వాటిలో తామరాకు పచ్చదనం ఇంకా పూర్తిగా పోలేదు. బొల్లికోడి నీళ్లలో పోతున్నంతసేపూ తల ముందుకీ వెనక్కీ ఊపుతూనే ఉంటుంది. నోటితో మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.